తరగతి గదిలో సాంకేతిక పరికరాలు: విద్యార్థుల వినియోగ నియమాలు

తరగతి గదిలో విద్యార్థులు సెల్‌ఫోన్, ట్యాబ్, ల్యాప్‌టాప్, స్మార్ట్ వాచీ, ఇయర్‌ఫోన్లు, కృత్రిమ మేధ సాధనాల వంటివాటిని ఎప్పుడు, ఎందుకు, ఎంతవరకు వాడవచ్చో, ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్పే కట్టుబాట్లే సాంకేతిక వినియోగ నియమాలు. ఇవి నాలుగు అంచెల్లో ఉంటాయి: దేశ లేదా రాష్ట్ర చట్టం, విద్యాశాఖ లేదా బోర్డు ఉత్తర్వు, పాఠశాల విధానం, ఉపాధ్యాయులు తమ తరగతిలో అమలుచేసే పద్ధతి. మొదటి మూడూ హద్దులు గీస్తాయి. పిల్లల రోజువారీ చదువుపై ఎక్కువ ప్రభావం చూపేది నాలుగోది.

ఈ అంశంపై బహిరంగ చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఫోన్లను నిషేధించాలా, అనుమతించాలా? వివిధ దేశాల అనుభవాన్నీ, పరిశోధనలనూ కలిపి చూస్తే ప్రశ్న ఇంకా లోతైనదని తెలుస్తుంది. నియమం స్పష్టంగా ఉందా, పిల్లలతో కలిసి రాసుకున్నారా, అందరికీ ఒకేలా వర్తిస్తోందా, చదువులో వెనకబడిన విద్యార్థికి మేలు చేస్తోందా అన్న వాటిపైనే ఫలితం ఆధారపడి ఉంది. ఈ నాలుగింటిలో చివరిదే అసలు గీటురాయి.

చారిత్రక నేపథ్యం

బడిలోకి కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ దాని వెనకే నియమమూ వచ్చింది. 1970లలో జేబు క్యాలిక్యులేటర్లు చవకయ్యాక, పిల్లలు ఎక్కాలు మరిచిపోతారేమోనని విద్యావేత్తలు ఆందోళన చెందారు. 1980ల చివర అమెరికాలో మేరీల్యాండ్ వంటి రాష్ట్రాలు బడుల్లోకి పేజర్లను రానివ్వలేదు; మాదకద్రవ్యాల అమ్మకానికి వాటిని వాడుతున్నారన్నది అప్పటి అనుమానం. భారతదేశంలో మాత్రం ఆ దశకం మొదటి కంప్యూటర్లను బడికి తెచ్చింది. 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద ఎంపికచేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రో యంత్రాలు అందాయి. ఆ కంప్యూటర్ గదికి తాళం ఉండేది, వారానికి కొన్ని పీరియడ్లే ఉండేవి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాల్సి వచ్చేది. పరికరం ఒక గదికి పరిమితమైనంత కాలం నియమం సులువు. అది విద్యార్థి జేబులోకి చేరాకే చిక్కు మొదలైంది.

అమెరికాలో సెల్‌ఫోన్ నియమాలు రెండు వైపులా ఊగిసలాడాయి. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ హైస్కూల్ కాల్పులు, 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, అత్యవసర వేళ పిల్లలు తమకు అందుబాటులో ఉండాలని తల్లిదండ్రులు పట్టుబట్టారు. 2009–10లో అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో సుమారు 91 శాతం సెల్‌ఫోన్ వాడకాన్ని నిషేధించగా, 2015–16 నాటికి అది 66 శాతానికి తగ్గింది. న్యూయార్క్ నగరం 2015 మార్చిలో తన నిషేధాన్ని ఎత్తివేసింది. మెటల్ డిటెక్టర్లు ఉన్న బడుల్లో నిషేధం కఠినంగా అమలయ్యేది. అవి లేని చోట ఫోన్లు బ్యాగుల్లో ఉన్నా ఎవరూ అడిగేవారు కాదు. డిటెక్టర్లున్న బడుల ముందు కొందరు వ్యాన్లు నిలిపి, రోజుకు ఒక డాలరు తీసుకుని పిల్లల ఫోన్లు దాచిపెట్టేవారు. కాగితం మీద అందరికీ ఒకటే అయిన నియమం పేద పిల్లల జేబుకే చిల్లు పెట్టింది.

2018 తర్వాత గాలి మళ్లీ ఆంక్షల వైపు మళ్లింది. ఫ్రాన్స్ ఆ ఏడాది ఆగస్టులో చేసిన చట్టం ప్రాథమిక పాఠశాలల్లోనూ, పదిహేనేళ్ల వయసు వరకు చదివే ‘కాలేజ్’ స్థాయిలోనూ ఫోన్ల వాడకాన్ని ఆపింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2020లో ప్రభుత్వ బడులకు ఇలాంటి ఆదేశమే ఇచ్చింది. చైనా 2021లో, తల్లిదండ్రుల రాతపూర్వక వినతి లేకుండా ఫోన్ బడికి తేకూడదని చెప్పడంతోపాటు, ఫోన్ ద్వారా హోంవర్క్ ఇవ్వవద్దని ఉపాధ్యాయులనూ ఆదేశించింది. నెదర్లాండ్స్ మొదట చట్టం చేయలేదు. ప్రభుత్వం, పాఠశాలలు, ఉపాధ్యాయ, తల్లిదండ్రుల సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందం 2024 జనవరి 1 నుంచి ఉన్నత పాఠశాలల్లో అమలైంది. ఇంగ్లండ్ 2024 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. బ్రెజిల్ 2025 జనవరిలో చట్టం తెచ్చింది. దక్షిణ కొరియా 2025 ఆగస్టులో ఆమోదించిన చట్టానికి 2026 మార్చిని అమలు తేదీగా పెట్టుకుంది. యునెస్కో లెక్క ప్రకారం 2023 మధ్యనాటికి చట్టం ద్వారానో విధానం ద్వారానో బడుల్లో ఫోన్లను నిషేధించిన దేశాలు నాలుగింట ఒక వంతు కన్నా తక్కువ; 2024 చివరికి అలాంటి విద్యావ్యవస్థలు 79కి, అంటే 40 శాతానికి చేరాయి.

పరిశోధనల సారాంశం

పరధ్యానం సమస్య ఊహాజనితం కాదు. విద్యార్థుల సామర్థ్యాన్ని అంతర్జాతీయంగా మదింపుచేసే 2022 పీసా సర్వేలో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ దేశాల విద్యార్థులలో సగటున 65 శాతం మంది, కనీసం కొన్ని గణితం పీరియడ్లలో డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదిరిందని చెప్పారు. పక్కవారి పరికరాల వల్ల తమ దృష్టి మళ్లిందని 59 శాతం మంది అన్నారు. నియమాల రూపకల్పనలో ఈ రెండో అంకె కీలకం. 2013లో కెనడాలో సానా, వెస్టన్, సెపెడా చేసిన ప్రయోగంలోనూ ఇదే తేలింది: ఉపన్యాసం జరుగుతుండగా ల్యాప్‌టాప్‌పై వేరే పనులు చేసినవారితో పాటు, ఆ తెర కనబడే చోట కూర్చున్నవారికీ తక్కువ మార్కులు వచ్చాయి. తరగతిలో ఫోన్ వాడకాన్ని ఒక విద్యార్థి సొంత వ్యవహారంగా వదిలేయలేకపోవడానికి కారణం ఇదే.

నిషేధాల ప్రభావంపై తొలిదశలో పేరుపొందిన అధ్యయనం 2015లో బీలాండ్, మర్ఫీ చేసినది. ఇంగ్లండ్‌లోని నాలుగు నగరాల్లో 91 పాఠశాలలను పరిశీలించగా, ఫోన్లు నిషేధించాక పరీక్ష ఫలితాలు సగటున ప్రామాణిక విచలనంలో 6.4 శాతం మేర పెరిగాయి. అంతకుముందు బాగా వెనకబడి ఉన్న విద్యార్థులలో ఈ మెరుగుదల రెట్టింపుకు మించింది. ముందువరుస విద్యార్థులకు తేడా కనబడలేదు. భారతదేశంలో పది ఉన్నత విద్యాసంస్థలకు చెందిన సుమారు 17,000 మంది విద్యార్థులపై జరిగి, 2025లో వెలువడిన యాదృచ్ఛిక ప్రయోగమూ ఇదే దిశలో ఉంది: తరగతికి ముందు ఫోన్లు తీసుకుని పెట్టిన చోట మార్కులు కొద్దిగా పెరిగాయి, ఆ లాభం చదువులో వెనకబడినవారికీ మొదటి సంవత్సరం వారికీ ఎక్కువగా దక్కింది.

అన్ని ఫలితాలూ ఇలా లేవు. 2020లో స్వీడన్ పాఠశాలలపై వచ్చిన అధ్యయనానికి నిషేధం వల్ల మార్కులు పెరిగిన దాఖలా దొరకలేదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 30 పాఠశాలల్లో 1,227 మంది విద్యార్థులను పరిశీలించి 2025లో ప్రచురించిన నివేదిక ప్రకారం, ఆంక్షలున్న బడుల పిల్లలకూ లేని బడుల పిల్లలకూ మానసిక క్షేమంలో తేడా లేదు. రోజంతా కలిపి ఫోన్‌పై గడిపే సమయంలోనూ పెద్ద తేడా రాలేదు. బడిలో ఆపిన వాడకం ఇంట్లో కొనసాగుతోందన్న మాట. బడి నియమం తరగతి గదిలో ధ్యాసను కాపాడగలదు; పిల్లల జీవితంలో తెరకున్న స్థానాన్ని ఒంటరిగా మార్చలేదు.

ల్యాప్‌టాప్ నోట్సు విషయంలోనూ తొందరపాటు తగదు. చేతిరాత నోట్సు మేలని 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ వెలువరించిన ఫలితం చాలా ప్రచారం పొందింది. తర్వాత అదే ప్రయోగాన్ని తిరిగి చేసినవారికి అంత స్పష్టమైన తేడా కనబడలేదు. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో ఆర్థికశాస్త్ర తరగతులపై 2017లో వచ్చిన అధ్యయనంలో మాత్రం ల్యాప్‌టాప్‌లు అనుమతించిన సెక్షన్ల విద్యార్థులు వెనకబడ్డారు.

నియమాల రకాలు

పూర్తి నిషేధం: ఫోన్ బడి గేటు దాటి లోపలికి రాకూడదు. అమలు తేలిక. అయితే దూరం నుంచి బస్సులోనో ఆటోలోనో ఒంటరిగా వచ్చే పిల్లల తల్లిదండ్రులకు ఇది ఇబ్బంది.

గంట నుంచి గంట వరకు: ఫోన్ తేవచ్చు; ఉదయం మొదటి బెల్లుకు అప్పగించి, చివరి బెల్లుకు తీసుకోవాలి. లాకరు, తరగతివారీ పెట్టె, గోడకు వేలాడే నంబర్ల సంచీ, తాళం పడే పౌచ్ వంటి ఏర్పాట్లు ఇందులోకి వస్తాయి. భోజన విరామంలోనూ ఫోన్ అందదు కాబట్టి పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఆడుకుంటారు.

పీరియడ్ వరకే నిషేధం: పాఠం జరిగేటప్పుడు ఫోన్ బ్యాగులో ఉండాలి, విరామంలో వాడుకోవచ్చు. ప్రతి పీరియడ్‌లోనూ ఉపాధ్యాయులు కొత్తగా చెప్పాల్సి రావడం దీని బలహీనత. ఒకరు కఠినంగా, మరొకరు చూసీచూడనట్టు ఉంటే కఠినంగా ఉన్నవారే చెడ్డవారవుతారు.

పనిని బట్టి అనుమతి: బోర్డు మీద రంగు గుర్తుతోనో కార్డుతోనో ఆ సమయానికి ఏది చెల్లుతుందో చెబుతారు. ఎరుపు ఉంటే పరికరాలన్నీ మూసి ఉండాలి. పసుపు ఉంటే ఉపాధ్యాయులు చెప్పిన పనికి మాత్రమే. ఆకుపచ్చ ఉంటే విద్యార్థి తన అవసరం మేరకు వాడవచ్చు. ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లు పాఠంలో భాగమైన తరగతులకు ఈ పద్ధతి నప్పుతుంది.

రాతపూర్వక అంగీకారం: పాఠశాల నెట్‌వర్కునూ పరికరాలనూ ఎలా వాడాలో వివరించే పత్రంపై విద్యార్థి, తల్లిదండ్రులు సంతకం చేస్తారు. ఇంటర్నెట్ రాయితీ పొందే అమెరికా పాఠశాలలకు 2000 నాటి బాలల ఇంటర్నెట్ రక్షణ చట్టం భద్రతా విధానాన్ని తప్పనిసరి చేశాక ఈ పత్రాలు అక్కడ విస్తృతమయ్యాయి. తొలినాళ్ల పత్రాలు ‘చేయకూడనివి’ మాత్రమే ఏకరువు పెట్టేవి. ఆన్‌లైన్‌లో ఎలా మెలగాలో కూడా పిల్లలకు నేర్పాలని 2008లో ఆ దేశం చట్టానికి సవరణ చేసింది.

నియమాన్ని రూపొందించడం

మంచి నియమం పాఠం నుంచి మొదలవుతుంది. ఈ పీరియడ్‌లో పిల్లలు ఏం నేర్చుకోవాలి, దానికి పరికరం అవసరమా అని ఉపాధ్యాయులు ముందు తేల్చుకోవాలి. ఆరో తరగతిలో భిన్నాల కూడికకు పెన్సిలు, కాగితం చాలు. తొమ్మిదో తరగతిలో కణ విభజనకు కదిలే బొమ్మ చూపితే పాఠం తేలికవుతుంది, కానీ దానికి ఒక పెద్ద తెర సరిపోతుంది, నలభై ఫోన్లు అక్కర్లేదు. ఊళ్లోని చెరువుల గురించి సర్వే చేసి పట్టిక తయారుచేసే ప్రాజెక్టుకు జట్టుకో ట్యాబ్ నిజంగా పనికొస్తుంది. ఇలా తేల్చుకున్న తర్వాత రాసే నియమానికి కారణం చెప్పగలం. కారణం చెప్పగలిగిన నియమాన్ని పిల్లలు త్వరగా ఒప్పుకుంటారు.

నియమాలు తక్కువగా, గోడ మీద ఒక చార్టులో పట్టేంతగా ఉండాలి. “పరికరాలను బాధ్యతగా వాడాలి” అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. “పాఠం మొదలవగానే ఫోన్ సైలెంట్‌లో పెట్టి పెట్టెలో వేయాలి”, “ఎవరి ఫోటో గానీ వీడియో గానీ వారి అనుమతి లేకుండా తీయకూడదు”, “ట్యాబ్ మూయమనగానే తెర కిందికి దించాలి” వంటివి ఏడో తరగతి పిల్లలకైనా అర్థమవుతాయి. ఫోటోల నియమానికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. తోటి విద్యార్థిని గానీ ఉపాధ్యాయురాలిని గానీ చాటుగా వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం పరధ్యానం కన్నా తీవ్రమైన హాని. దాన్ని ఫోన్ వాడకపు తప్పుగా కాక వేధింపుగా పరిగణించి, బడిలోని బాలల రక్షణ ఏర్పాట్ల ద్వారా పరిష్కరించాలి.

రూపకల్పనలో విద్యార్థుల భాగస్వామ్యం అలంకారప్రాయం కాకూడదు. విద్యా సంవత్సరం మొదటి వారంలో ఒక పీరియడ్ కేటాయించి, ఫోన్ వల్ల చదువుకు ఎక్కడ అడ్డొస్తోంది, ఎక్కడ సాయపడుతోంది అని వాళ్లనే అడిగితే పెద్దలకు తెలియని విషయాలు బయటపడతాయి: మెసేజ్‌కు వెంటనే జవాబివ్వకపోతే స్నేహితులు అలుగుతారన్న ఒత్తిడి, ఇంట్లో చెల్లిని బడి నుంచి తీసుకెళ్లాల్సిన బాధ్యత, ఫోన్ లేదని నలుగురిలో చెప్పుకోలేని చిన్నతనం. ఫోన్ లేని పిల్లలు కూడా తరగతిలో ఉంటారని మరచిన నియమం, “మీ ఫోన్లు తీసి ఈ కోడ్ స్కాన్ చేయండి” అన్న ఒక్క మాటతో వాళ్లను వేరుచేస్తుంది.

ఉపాధ్యాయులకూ అదే కట్టుబాటు వర్తించాలి. పాఠం మధ్యలో ఉపాధ్యాయుడు ఫోన్ ఎత్తితే గోడ మీది చార్టుకు విలువ పోతుంది. అత్యవసర కాల్ వస్తే ఎందుకు తీయాల్సి వచ్చిందో పిల్లలకు ఒక్క మాట చెప్పడం మర్యాద, బోధన కూడా.

మినహాయింపులు

ఏ నియమమైనా కొందరు పిల్లలకు వర్తించకూడదు. చూపు లేని విద్యార్థికి తెర చదివే సాఫ్ట్‌వేర్, వినికిడి లోపం ఉన్నవారికి ఫోన్‌తో అనుసంధానమయ్యే శ్రవణ యంత్రం, మాట రాని పిల్లలకు బొమ్మలతో మాట్లాడించే ట్యాబ్ అవసరం. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల్లో కొందరు ఒంటికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్ రీడింగులు ఫోన్‌కే వస్తాయి. ఆ ఫోన్‌ను పెట్టెలో వేయించడం ప్రాణాపాయం. భారతదేశంలో 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యం గల విద్యార్థులకు తగిన సౌకర్యాలు కల్పించడాన్ని విద్యాసంస్థల బాధ్యతగా చేసింది. ఈ మినహాయింపు ప్రతిరోజూ అడుక్కుని పొందేదిగా ఉండకూడదు; నియమ పత్రంలోనే ముందుగా రాసి, ఆ తరగతికి వచ్చే ఉపాధ్యాయులందరికీ తెలియజేయాలి. తోటి పిల్లలకు ఎంత చెప్పాలో ఆ విద్యార్థి, కుటుంబం నిర్ణయిస్తారు.

అమలు, శిక్షలు, చట్టపు హద్దులు

నియమం గెలిచేది, ఓడేది అమలులోనే. అమెరికాలోని ఫ్లోరిడా 2023లో బోధన సమయంలో ఫోన్లను చట్టం ద్వారా ఆపింది. అక్కడి ఒక పెద్ద విద్యా జిల్లాపై 2025లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి ఏడాది సస్పెన్షన్లు గణనీయంగా పెరిగాయి, ఆ భారం నల్లజాతి విద్యార్థులపై ఎక్కువగా పడింది. రెండో ఏడాదికి సస్పెన్షన్లు తగ్గుముఖం పట్టాయి, పరీక్ష ఫలితాలు మెరుగుపడ్డాయి. ఫోన్ చూసినందుకు విద్యార్థిని బడి నుంచే పంపించేస్తే, ఏ చదువు కోసం నియమం పెట్టామో ఆ చదువే పోతుంది. కాబట్టి శిక్షలు మెట్లు మెట్లుగా ఉండాలి: మొదటిసారి మాటతో హెచ్చరిక, రెండోసారి పీరియడ్ అయ్యేదాకా ఫోన్ తీసుకోవడం, ఆ తర్వాత సాయంత్రం వరకు ప్రధానోపాధ్యాయుల వద్ద ఉంచడం, పదేపదే జరిగితే తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడటం. తీసుకున్న ఫోన్‌పై పేరు రాసి, రిజిస్టరులో నమోదుచేసి, తాళం వేసిన చోట భద్రపరచాలి.

భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధిస్తోంది. అందరి ముందు ఫోన్ పగలగొట్టడం, అందులోని మెసేజ్‌లు బిగ్గరగా చదివి అవమానించడం క్రమశిక్షణ కిందికి రావు. ఫోన్ తీసుకోవడం వేరు, తెరిచి చూడటం వేరు. అమెరికా సుప్రీంకోర్టు 1985లో న్యూజెర్సీ వర్సెస్ టీఎల్‌ఓ కేసులో బడి అధికారులు విద్యార్థి సామాన్లు వెతకాలంటే సహేతుకమైన అనుమానం ఉండాలని చెప్పింది. 2014లో రైలీ కేసులో, అరెస్టయిన వ్యక్తి ఫోన్‌లోని సమాచారం చూడాలన్నా పోలీసులకు సాధారణంగా వారంట్ కావాలని తీర్పిచ్చింది. జేబులోని వస్తువుకూ జీవితమంతా నిక్షిప్తమైన ఫోన్‌కూ ఉన్న తేడాను ఆ తీర్పు గుర్తించింది.

పాఠశాల ఇచ్చే పరికరాలు, నిఘా

ప్రభుత్వమో పాఠశాలో పరికరాలిచ్చినప్పుడు నియమాల స్వభావం మారుతుంది. లాస్ ఏంజెలెస్ విద్యా జిల్లా 2013లో ఐప్యాడ్‌లు పంచడం మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే, వందల మంది విద్యార్థులు భద్రతా అడ్డంకులు తొలగించి ఇతర సైట్లు చూడగలిగారు. సాఫ్ట్‌వేర్ గోడ ఒక్కటే నియమం పని చేయలేదనడానికి ఇది తొలి పాఠాల్లో ఒకటి.

రెండో ప్రమాదం అతి నిఘా. పెన్సిల్వేనియాలోని లోయర్ మెరియన్ జిల్లాలో బడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌ల కెమెరాలు విద్యార్థులకు తెలియకుండా వేలాది చిత్రాలు తీశాయని 2010లో వెల్లడైంది. కొన్ని చిత్రాలు పిల్లలు ఇంట్లో ఉండగా తీసినవి. ఆ కేసులో జిల్లా 6,10,000 డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అందువల్ల పరికరాన్ని బడి ఏ మేరకు గమనిస్తుందో, బడి వేళలు దాటాక గమనిస్తుందో లేదో తల్లిదండ్రులకు ముందే రాసివ్వడం నియమ పత్రంలో తప్పనిసరి అంశం. భారతదేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలంటుంది. పిల్లల ప్రవర్తనను వెంటాడటాన్నీ, వారిపై గురిపెట్టిన ప్రకటనలనూ నిషేధిస్తుంది. విద్యాసంస్థలకు బోధన, భద్రత కోసం కొన్ని మినహాయింపులున్నాయి. ఏదైనా యాప్‌లో పిల్లల పేర్లు, ఫోటోలు ఎక్కించే ముందు ఉపాధ్యాయులు ఈ హద్దులు తెలుసుకోవాలి.

కృత్రిమ మేధ

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలయ్యాక నియమాల్లో కొత్త అధ్యాయం మొదలైంది. న్యూయార్క్ నగర పాఠశాలలు 2023 జనవరిలో దాన్ని తమ నెట్‌వర్కులో అడ్డుకున్నాయి. మేలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నాయి. 2023 సెప్టెంబరులో యునెస్కో ఇచ్చిన మార్గదర్శకాలు తరగతిలో ఈ సాధనాల వాడకానికి కనీస వయసు 13 ఏళ్లుగా పెట్టాలని సూచించాయి. ఫోన్‌ను పెట్టెలో వేయవచ్చు. ఇంట్లో రాసే వ్యాసాన్ని ఎవరు రాశారో పెట్టె చెప్పలేదు. అందుకే ఇక్కడ ప్రతి పనికీ వేరుగా నియమం ఉండాలి: ఈ వ్యాసానికి కృత్రిమ మేధ వాడకూడదు, ఆ ప్రాజెక్టుకు ఆలోచనలు కూడగట్టడానికి వాడవచ్చు, వాడితే ఏం అడిగారో ఏం తీసుకున్నారో చివర రాయాలి. తెలుగు వ్యాసరచనకు ఇది మరీ ముఖ్యం. సొంత మాటల్లో రాయడమే అక్కడ నేర్చుకోవాల్సిన విద్య.

యంత్రం రాసిందో మనిషి రాశాడో పసిగడతామనే సాఫ్ట్‌వేర్లను నమ్మి శిక్షించడం ప్రమాదకరం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే తన పరీక్షా సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందంటూ 2023 జులైలో ఉపసంహరించింది. ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవిగా ఇలాంటి సాధనాలు తప్పుగా ముద్రవేశాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. అమెరికాలో చదివే వేలాది తెలుగు విద్యార్థులకు ఇది నేరుగా తగిలే అన్యాయం. అనుమానం వస్తే విద్యార్థిని కూర్చోబెట్టి, రాసినదాని గురించి మాట్లాడించడమే న్యాయమైన మార్గం.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

సీబీఎస్‌ఈ 2009లోనే తన అనుబంధ పాఠశాలల్లో ఫోన్లపై ఆంక్షలు కోరుతూ సర్క్యులర్ ఇచ్చింది. పదకొండేళ్లకు కోవిడ్ ఆ స్థితిని తలకిందులు చేసింది. బడులే పిల్లలకు ఫోన్ ఇవ్వమని అడిగాయి. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ‘ప్రజ్ఞాత’ పేరిట తెర సమయానికి పరిమితులు సూచించింది: పూర్వ ప్రాథమిక స్థాయికి రోజుకు అరగంట, ఎనిమిదో తరగతి వరకు 30–45 నిమిషాల చొప్పున రెండు తరగతులు, ఆపై నాలుగు. తెలంగాణ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. ఫోన్ లేని పిల్లలకు టీవీయే ఆధారమైంది.

ఆ తర్వాత వాడకం ఆగలేదు. గ్రామీణ విద్యాస్థితిపై జరిగే అసర్ సర్వే 2024 ఫలితాల ప్రకారం గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. వాడగలిగినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతం కాగా అమ్మాయిలు 27 శాతమే. హోంవర్క్ వాట్సాప్‌లో వస్తే, అన్న చేతిలోని ఫోన్ కోసం ఎదురుచూసే చెల్లెలు వెనకబడుతుంది. హోంవర్క్‌ను డైరీలోనూ రాయించడం అందుకే అవసరం.

ఆంధ్రప్రదేశ్‌లో రెండు ధోరణులూ పక్కపక్కనే కనిపిస్తాయి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ వారి ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం యునెస్కో నివేదికను ప్రస్తావిస్తూ విద్యార్థులు బడికి ఫోన్లు తేవడాన్ని పూర్తిగా నిషేధించింది. ఉపాధ్యాయులు కూడా తరగతికి ముందు ఫోన్లు ప్రధానోపాధ్యాయులకు అప్పగించాలని చెప్పింది. ఇందులో వైరుధ్యం లేదు: పాఠ్యాంశాలతో నిండిన, ఇతర యాప్‌లకు అడ్డుకట్ట వేసిన ట్యాబ్ వేరు, సొంత ఫోన్ వేరు. అయితే హాజరు మొదలు భోజన పథకం వివరాల వరకు యాప్‌లలో ఎక్కించే భారం ఉపాధ్యాయులపై ఉన్నంత కాలం, ఫోన్ పక్కన పెట్టమనే ఆదేశం వారికి కత్తిమీద సామే. పిల్లల నియమాలు నిలవాలంటే ముందు ఈ పనుల వేళలను తరగతి వేళల నుంచి విడదీయాలి.

తెలుగు రాష్ట్రాల ప్రైవేటు రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో చాలాచోట్ల విద్యార్థులకు ఫోన్ ఉండదు. హాస్టల్ ఫోన్ నుంచి నిర్ణీత వేళల్లో ఇంటికి మాట్లాడాలి. అక్కడి నియమం తరగతి ధ్యాసకు మించినది, తల్లిదండ్రులతో సంబంధాన్నే అదుపు చేస్తుంది. పోటీ పరీక్షల ఒత్తిడిలో ఉన్న పదహారేళ్ల పిల్లలకు అమ్మానాన్నలతో ఏకాంతంగా మాట్లాడే వీలు రోజూ ఉండి తీరాలి. పరధ్యానాన్ని ఆపే హక్కు కళాశాలకు ఉంది. పిల్లల గోడు బయటికి వినబడకుండా చేసే హక్కు దానికి లేదు.

ఢిల్లీ హైకోర్టు 2025 ఫిబ్రవరి 28న ఒక కేంద్రీయ విద్యాలయ విద్యార్థి కేసులో ఇచ్చిన ఉత్తర్వు దేశంలో ఈ అంశంపై ముఖ్యమైన న్యాయ నిర్దేశం. గంపగుత్త నిషేధం ఆచరణ సాధ్యం కాదని, ఫోన్‌ను బడికి తేనిచ్చి వాడకాన్ని నియంత్రించాలని, వీలైన చోట భద్రంగా అప్పగించే ఏర్పాటు చేయాలని, తరగతిలో బోధనకు అంతరాయం కలగనివ్వరాదని చెప్పింది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, నిపుణులను సంప్రదించి విధానం రాయాలని, ఉల్లంఘనకు పర్యవసానాలు పారదర్శకంగా, న్యాయంగా ఉండాలని సూచించింది.

విమర్శలు, సమీక్ష

ఆంక్షలపై ప్రధాన విమర్శ ఇది: పిల్లలు స్వీయ నియంత్రణ నేర్చుకునే అవకాశం పోతుంది, రేపు కళాశాలలో, ఉద్యోగంలో ఎవరూ ఫోన్ లాక్కోరు కదా. ఈ వాదనలో బలం ఉంది, కానీ వయసును అది లెక్కలోకి తీసుకోదు. పన్నెండేళ్ల పిల్లలను, గంటల తరబడి చూసేలా రూపొందించిన యాప్‌ల ముందు వదిలేసి నిగ్రహం చూపమనడం అన్యాయం. ప్రాథమిక స్థాయిలో గట్టి హద్దులు, ఉన్నత పాఠశాలలో పనిని బట్టి అనుమతి, ఇంటర్మీడియెట్‌కు వచ్చేసరికి కారణం చెప్పి బాధ్యత అప్పగించడం అన్న క్రమం రెండు వాదాలకూ చోటిస్తుంది.

నియమాన్ని ఏడాదికి ఒకసారైనా సమీక్షించాలి. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థి ప్రతినిధులు కలిసి అడగాల్సినవి కొన్నే ప్రశ్నలు: పీరియడ్‌లో బోధనకు ఎక్కువ సమయం దొరికిందా? శిక్షలు ఏ తరగతి, ఏ కులం, ఏ ప్రాంతం పిల్లలపై ఎక్కువ పడ్డాయి? మినహాయింపు కావాల్సినవారికి అది సిగ్గుపడకుండా అందిందా? ఫోన్ లేని పిల్లలు ఏదైనా పాఠం కోల్పోయారా? వెనకబడిన విద్యార్థుల చదువు మెరుగైందా? జవాబులు నిరాశపరిస్తే నియమాన్ని మార్చడానికి వెనుకాడకూడదు. అలా మార్చుకునే వీలునూ, మార్చమని అడిగే హక్కు విద్యార్థులకు ఉందన్న మాటనూ మొదటి రోజే నియమ పత్రంలో రాసిపెట్టుకోవాలి.